పాత పటంలో ఉన్నది తాజ్‌మహల్ లోపలి భాగమేనా? మళ్లీ పటం కట్టించేముందు సలహా కావాలి

ధర్మాబాద్ లక్ష్మి (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. బిలోలిలో మా అత్తవారి పాత వాడా (పెద్ద ఇల్లు) మరమ్మతుకు ఇచ్చాం. అటక మీది సామాను దించుతుంటే గోనెపట్టాలో చుట్టిపెట్టిన పెద్ద పటం ఒకటి బయటపడింది. మా మామగారు హైదరాబాద్ రాష్ట్రం ఉన్న రోజుల్లో రెవెన్యూ శాఖలో గుమాస్తా. మరాఠ్వాడా అంతా బదిలీల మీద తిరిగిన మనిషి. ఈ పటం ఎక్కడ కొన్నారో, ఎవరిచ్చారో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఇంట్లో లేరు.

బొమ్మ ఒక సమాధి మందిరం లోపలిది. ఎత్తైన కమాను, దాని వెనక మరో కమాను, పైన గుమ్మటం మొదలయ్యే చోటు వరకు కనిపిస్తుంది. మధ్యలో ఎనిమిది పలకల పాలరాతి జాలీ కంచె ఉంది, నడుముకన్నా తక్కువ ఎత్తు. తలపాగా పెట్టుకున్న ఒకాయన దాని మీద చేతులు ఆనించి నిలబడ్డారు. కుడివైపు కిటికీ జాలీలోంచి వచ్చిన ఎండ నేల మీద చుక్కలు చుక్కలుగా పడింది. రంగులు చాలావరకు వెలిశాయి. ఎడమ అంచున చెమ్మ మరక, పైభాగంలో రెండు చోట్ల గోధుమరంగు మచ్చలు. చట్రాన్ని చెద తినేసింది కాని బొమ్మ దాకా రాలేదు.

ఇంట్లో అందరూ తాజ్‌మహల్ అంటున్నారు. నిజమేనా? మళ్లీ పటం కట్టించాలంటే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? మా ఊళ్లో దేవుడి పటాలు కట్టే దుకాణం ఉంది, వాళ్లకే ఇవ్వవచ్చా? ఫోటోలు జత చేశాను.

సిరొంచ శేఖర్ (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

లక్ష్మి గారూ, ఇది తాజ్‌మహలే. ఎనిమిది పలకల పాలరాతి జాలీ అంటేనే తాజ్. ముంతాజ్ సమాధి చుట్టూ మొదట బంగారు కంచె ఉండేదట. షాజహాన్ హయాంలోనే, 1643లో, దాన్ని తీసేసి పాలరాతి జాలీ పెట్టారు. లోపల ఫోటోలు తీయనివ్వరు కాబట్టి ఇటువంటి పాత బొమ్మలకు విలువ ఎక్కువ. భద్రంగా ఉంచుకోండి.

సోలాపూర్ మగ్గం (సోలాపూర్)

నాకు మొదట తట్టింది గోల్ గుంబజ్. మా సోలాపూర్‌కు బీజాపూర్ పక్కనే కనుక పిల్లల సెలవులకు అక్కడికే వెళ్తుంటాం. కాని ఫోటో పెద్దది చేసి చూశాక ఆ ఆలోచన వదులుకున్నాను. గోల్ గుంబజ్ లోపల ఉన్నదంతా ఒకటే హాలు. నడుమ ఒక్క స్తంభం కూడా లేదు. గుమ్మటం బయటి కొలతే దాదాపు 44 మీటర్ల వ్యాసం. మధ్యలో ఎత్తు అరుగు మీద మహమ్మద్ ఆదిల్ షా, ఆయన కుటుంబం వాళ్ల సమాధి గుర్తులు వరుసగా ఉంటాయి, వాటి మీద కట్టెతో చేసిన మండపం. లక్ష్మి గారి బొమ్మలో గది అంతకన్నా బాగా చిన్నది, మండపమూ లేదు.

అయితే తాజ్ అనడానికీ నాకు మనసొప్పడం లేదు. బొమ్మలో సమాధి ఎక్కడుంది? కంచె కనిపిస్తోంది, కమానులు కనిపిస్తున్నాయి, సమాధి మాత్రం లేదు.

నాందేడ్ డ్రాయింగు మాస్టారు (నాందేడ్)

సోలాపూర్ మిత్రులు అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉంది. ఆ తలపాగా ఆయన ఎటు చూస్తున్నారో గమనించండి. మెడ వంచి కంచె లోపలికి, కిందికి చూస్తున్నారు. అంటే కంచె లోపల నేల లేదు, తెరిచిన ఖాళీ ఉంది. బావిలోకి తొంగిచూసే మనిషి నిలబడే తీరు అది.

తాజ్‌లో అలా తొంగిచూడటానికి వీల్లేదు. అక్కడి జాలీ దాదాపు మనిషి ఎత్తు. దాని లోపల అదే నేల మీద రెండు పాలరాతి సమాధి గుర్తులు ఉంటాయి. ముంతాజ్‌ది సరిగ్గా నడిమధ్యన, షాజహాన్‌ది ఆమెకు పడమటి పక్కన. ఆ కట్టడం మొత్తంలో ఎడమకూ కుడికీ పొందిక తప్పిన చోటు అదొక్కటే. అసలు సమాధులు కింది గదిలో ఉన్నాయి, పైనుంచి అవి కనిపించవు. ఇంకొకటి, తాజ్ లోపలి కమానుల చుట్టూ నల్లరాతిని పొదిగి రాసిన ఖురాన్ వాక్యాల పట్టీ ఉంటుంది. రాత అమానత్ ఖాన్‌ది. లోపలి పట్టీ చివర ఆయన తన పేరు కూడా రాసుకున్నాడు. లక్ష్మి గారి బొమ్మలో ముందరి కమాను అంత పెద్దగా వేసి, చుట్టూ ఒక్క అక్షరం కూడా వేయలేదు. నేల మీద ఎండచుక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి వేసిన చిత్రకారుడు అంత పెద్ద అక్షరాల పట్టీని వదిలేస్తాడా?

కంచె మీదుగా వంగి సమాధిని కిందికి చూసే కట్టడం మనకు దగ్గర్లోనే ఉంది. ఔరంగాబాద్ బీబీ కా మఖ్‌బరా, అంటే ఇప్పటి ఛత్రపతి సంభాజీనగర్‌లోది. ఔరంగజేబు భార్య దిల్‌రస్ బాను బేగం సమాధి. ఆమెకే రబియా ఉద్ దౌరానీ అని బిరుదు. ఆమెను పూడ్చింది నేల మట్టానికి కింద ఉన్న గదిలో. ఆ సమాధి చుట్టూ ఒక ఎనిమిది పలకల పాలరాతి జాలీ. ఆ గది పైకప్పే పైనున్న మందిరానికి నేల. ఆ నేల మధ్యలో ఎనిమిది పలకల ఖాళీ వదిలి, దాని చుట్టూ తక్కువ ఎత్తులో ఇంకో జాలీ కంచె పెట్టారు. లక్ష్మి గారి బొమ్మలో ఉన్నది ఈ పై కంచె. సమాధి కనిపించకపోవడానికి కారణం చిత్రకారుడు కూర్చున్న చోటు. ఆయన కమాను దగ్గర, నేల మీద కూర్చుని వేశాడు. అక్కడి నుంచి కంచె కనిపిస్తుంది కాని దాని లోపలి లోతు కనిపించదు.

సిరొంచ శేఖర్

మాస్టారూ, మీరు చెప్పింది బాగానే ఉంది. కాని బీబీ కా మఖ్‌బరా అంటే తాజ్‌కు నకలే కదా? పేదవాడి తాజ్ అంటారు. అసలును వదిలి నకలు బొమ్మను ఎవరైనా అచ్చు వేసి అమ్ముతారా?

నాందేడ్ డ్రాయింగు మాస్టారు

శేఖర్ గారూ, ఆ మాట వింటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అక్కడికి వెళ్లినవాళ్లలో చాలామంది గేటు దగ్గరే నిలబడి తాజ్‌తో పోల్చుకుని, ఎత్తు చాలలేదని, మినార్లు కుదరలేదని అనేసి తిరిగి వస్తారు. బయటి ఆకారం తాజ్‌ను చూసి కట్టినదే, అందులో వాదన లేదు. తాజ్ కట్టిన ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కొడుకు అతాఉల్లాయే దీని శిల్పి. పని నడిపిన ఇంజనీరు హన్స్‌పత్ రాయ్. ప్రధాన ద్వారం తలుపు మీద ఆ ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

లోపలికి అడుగుపెట్టాక మాత్రం తాజ్ ఊసే రాదు. తాజ్‌లో మీరు సమాధి గుర్తు చుట్టూ తిరుగుతారు. ఇక్కడ మెట్లెక్కి పైకి వచ్చి, మళ్లీ కిందికి చూస్తారు. మీరు నిలబడ్డ నేలకూ ఆమె పడుకున్న నేలకూ మధ్య ఒక అంతస్తు దూరం ఉంది. జాలీలోంచి వచ్చే వెలుతురు పైన మన మీద పడి, కింద సమాధి మీద కప్పిన చాదర్ మీదకు చేరేసరికి పలచబడుతుంది. ఈ అమరిక నకలు కాదు, ఆలోచించి చేసినది. నా విద్యార్థులను తీసుకెళ్లినప్పుడల్లా ఆ కంచె దగ్గర కూర్చోబెట్టి బొమ్మ వేయిస్తాను. బయటి గుమ్మటం వేయమని ఎప్పుడూ అడగను.

రాజురా కాగితం (రాజురా, చంద్రపూర్ జిల్లా)

పాత కాగితాలు, పుస్తకాల సంరక్షణ నా పని కాబట్టి పటం సంగతి రాయాలని వచ్చాను. ముందు ‘పేదవాడి తాజ్’ గురించి ఒక మాట.

ఖర్చు తేడా నిజమే. బీబీ కా మఖ్‌బరాకు 6,68,203 రూపాయల 7 అణాలు అయినట్టు గులామ్ ముస్తఫా రాసిన చరిత్రలో ఉంది. తాజ్‌కు మూడు కోట్ల పైమాటే అంటారు. ఆ తేడా రాతిలోనే కనిపిస్తుంది. పాలరాయిని గోడ అడుగుభాగంలో సుమారు 1.67 మీటర్ల ఎత్తు వరకు, మళ్లీ పైన గుమ్మటానికి వాడారు. నడుమ అంతా దక్కను నల్లరాయి, దాని మీద నునుపు పట్టించిన సున్నపు గచ్చు, గచ్చులోనే పూలు, లతలు. ఆ గచ్చుపనిని దగ్గరగా చూసినవాళ్లు దాన్ని తక్కువరకం అనలేరు. పాలరాయి జైపూర్ దగ్గరి గనుల నుంచి వచ్చింది. సూరత్ నుంచి గోల్కొండకు వెళ్తూ తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు పాలరాయి మోసుకెళ్తున్న 300 బండ్లను దారిలో చూశానని రాశాడు. వాటిలో అన్నిటికన్నా చిన్న బండికే పన్నెండు ఎద్దులు కట్టారట. అన్ని బండ్ల రాయి అంత దూరం తెప్పించిన పనిని పేదపని అనడం నాకు రుచించదు.

ఇంకొక సంగతి. కొడుకు ఆజం షా తల్లి మీద ప్రేమతో కట్టించాడని గైడ్లు చెబుతారు, పుస్తకాల్లోనూ అలాగే ఉంటుంది. దిల్‌రస్ బాను చనిపోయింది 1657లో, చిన్నకొడుకు అక్బర్ పుట్టిన కొద్ది రోజులకే. ఆజం షా పుట్టింది 1653లో. కట్టడం 1661 నాటికి పూర్తయింది. ఎనిమిదేళ్ల పిల్లవాడు దీన్ని కట్టించాడనడం కుదరదు. తండ్రి కట్టించగా, పెద్దయ్యాక ఆజం షా బాగోగులు చూసి మరమ్మతులు చేయించాడని అనుకుంటే లెక్క సరిపోతుంది.

నిర్వాహకుడు

చర్చ చక్కగా సాగుతోంది. ఔరంగజేబు మీద రాజకీయ వాదనలు ఈ చర్చలో వద్దని మనవి. అటువంటి రెండు పోస్టులు తొలగించాను. పటం, కట్టడం, చరిత్ర వరకే ఉందాం.

కిన్వట్ పద్మ (కిన్వట్, నాందేడ్ జిల్లా)

లక్ష్మీ, నేను వేరే మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఎవరిదైనా సరే, సమాధి పటం ఇంట్లో పెట్టుకోవచ్చా? మా అమ్మ అయితే ఒప్పుకునేది కాదు. పోయినవాళ్ల ఫోటోలే దేవుడి గదిలో పెట్టనిచ్చేది కాదు. మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. బొమ్మ అందంగా ఉందని ఎదురుగోడకు తగిలించాక మనసులో ఏదో ఒక శంక ఉండిపోతే రోజూ ఇబ్బందే.

ధర్మాబాద్ లక్ష్మి

పద్మక్కా, ఇందులో అనుకోవడానికి ఏముంది? మా అత్తగారూ ఇదే అన్నారు. బహుశా అందుకే మామగారు దాన్ని అటక మీద పెట్టేశారేమో. నాకు మాత్రం ఆ బొమ్మ చూస్తే భయం వేయదు. ఎవరో ఒకరు వచ్చి నిలబడి తలుచుకుంటున్నట్టు ఉంటుంది. అయినా పెద్దావిడ మాట తోసేయలేను. ఎక్కడ పెట్టాలో ఆమెతోనే మాట్లాడి నిర్ణయిస్తాను.

మాస్టారూ, మీరు చెప్పాక బొమ్మ వైపు చూస్తే ఆ తలపాగా ఆయన చూపు నాకూ కిందికే కనిపిస్తోంది. పటం వెనక అట్ట మీద చిరిగిన కాగితం చీటీ ఒకటి ఉంది, ఉర్దూ అక్షరాలు. ఫోటో పెడుతున్నాను. ఎవరైనా చదవగలరా?

దెగ్లూరు కరీం (దెగ్లూరు, నాందేడ్ జిల్లా)

లక్ష్మమ్మా, చదివాను. సగం చిరిగిపోయింది. మిగిలిన ముక్కలో ‘ఔరంగాబాద్’ స్పష్టంగా ఉంది. దాని పైన అద్దాలు, చట్రాలు, పుస్తకాల బైండింగు చేస్తామని ఉంది. దుకాణం పేరు ఉండాల్సిన చోట కాగితం లేదు. తేదీ కూడా లేదు. అంటే పటం కట్టింది ఔరంగాబాద్‌లో.

ఇంట్లో పెట్టుకోవడం గురించి నాకు తెలిసింది చెబుతాను. మా ఇళ్లలో మక్కా, మదీనా పటాలు, దర్గాల పటాలు గోడకు పెట్టుకుంటాం. అందులో కీడు అనే ఆలోచన మాకు లేదు. ఖురాన్ వాక్యం కనిపించే పటమైతే మాత్రం ఎత్తులో, శుభ్రమైన గోడకు పెడతాం. కాళ్లు చాపే వైపు, చెప్పులు విప్పే చోట పెట్టం. మీ బొమ్మలో అక్షరాలు లేవు కాబట్టి ఆ పట్టింపు కూడా అక్కర్లేదు. సమాధిని చూసినప్పుడు పోయినవాళ్ల కోసం దుఆ చేయమని మా పెద్దలు నేర్పారు. మీ బొమ్మలోని ఆయన చేస్తున్నది అదేనని నాకు అనిపించింది.

ఆ మఖ్‌బరాకు మా నాన్నతో చిన్నప్పుడు వెళ్లాను. కింద చాదర్ మీద జనం వేసిన నాణేలు, నోట్లు పడి ఉండేవి. ఇప్పటికీ వేస్తుంటారు. పడమటి పక్కన ఉన్న మసీదు తరవాతి కాలంలో నిజాం కట్టించినది. ఒక నిజాం ఈ మఖ్‌బరానే విప్పించి హైదరాబాద్‌కు తరలించాలనుకున్నాడనీ, పలకలు ఊడదీయడం మొదలయ్యాక మనసు మార్చుకుని ఆ మసీదు కట్టించాడనీ అక్కడ కథగా చెబుతారు.

సోలాపూర్ మగ్గం

కరీం భాయ్, చీటీ చదివిపెట్టినందుకు సంతోషం. అయితే అది పటం కట్టిన ఊరిని చెబుతుందే గాని బొమ్మలోని కట్టడాన్ని చెప్పదు. ఆగ్రా బొమ్మను ఔరంగాబాద్‌లో కట్టించుకోకూడదని ఎక్కడుంది? నాకు మాస్టారి మాటే బలంగా అనిపిస్తోంది. ఆ కంచె, ఆ చూపు, అక్షరాలు లేని కమాను, ఈ మూడూ చాలు.

బల్లార్షా టేకు (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)

మాది తరతరాలుగా కట్టెపని. చట్రాల గురించి చెబుతాను.

చెద తిన్న చట్రాన్ని దాచుకోవాలని చూడకండి. పైకి గట్టిగా కనిపించినా లోపల గూడు ఉండవచ్చు. పటాన్ని విప్పి, చట్రాన్ని ఇంటి బయటికి పంపేయండి. వెనకనున్న పాత అట్ట, మేకులు కూడా. చీటీ ఉన్న ముక్కను మాత్రం జాగ్రత్తగా కోసి వేరుగా దాచండి.

కొత్త చట్రానికి మా వైపు టేకును మించిన కట్టె లేదు. చేవ ఉన్న ముక్క అడగండి. లేత పసుపు రంగులో ఉండే పైపొర కట్టెను చెద వదలదు. చేవను మాత్రం చెద అంత తేలిగ్గా ముట్టదు. దుకాణంలో దొరికే ప్లాస్టిక్ పట్టీ చట్రం చూడటానికి బాగుంటుంది కాని, ఇంత పెద్ద పటానికి అద్దం బరువు మీద మూలలు విచ్చుకుంటాయి. మూలలు జిగురుతో పాటు లోపలి నుంచి కట్టెచీలతో బిగించాలి. ఒట్టి మేకుతో వదిలేయవద్దు.

రాజురా కాగితం

టేకు విషయంలో బల్లార్షా మిత్రులతో ఏకీభవిస్తాను. ఒకటి కలుపుతాను. ఏ కట్టె నుంచైనా ఆమ్లం కొంత బయటికి వస్తుంది. అది నేరుగా కాగితానికి తగలకూడదు. చట్రం లోపలి గాడికి అల్యూమినియం టేపు అంటించమనండి.

ఇక కాగితం సంగతి. లక్ష్మి గారూ, ముందు భూతద్దంతో బొమ్మను చూసి నాకు చెప్పండి. ఆకాశం రంగు, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు వరుస తప్పకుండా పూరెక్కల్లా గుండ్రంగా కూడి కనిపిస్తే అది ఆఫ్‌సెట్ యంత్రం మీద అచ్చయిన నకలు. చుక్కలకు క్రమం లేకుండా, రంగు ఒకదాని మీద ఒకటి పరుచుకుని సన్నని గరుకు కనిపిస్తే రాతి అచ్చు, అంటే లిథో. ఏదైనా మీరు చేయాల్సిన జాగ్రత్తలు ఒకటే.

అద్దం బొమ్మకు ఆనకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. దేవుడి పటాలు కట్టేవాళ్లు చాలామంది బొమ్మను నేరుగా అద్దానికి అదిమేసి వెనక హార్డ్‌బోర్డు కొట్టేస్తారు. వానాకాలం చెమ్మకు అద్దం లోపల నీరు పట్టి, బొమ్మ అద్దానికి అంటుకుపోతుంది. తరవాత విడదీస్తే రంగు ఊడి అద్దంతో పోతుంది. అందుకే బొమ్మకూ అద్దానికీ మధ్య కిటికీలా కోసిన మౌంటు అట్ట పెట్టించండి. ఆ ఖాళీయే బొమ్మకు ప్రాణం.

మౌంటు అట్ట ఆమ్లం లేని రకం కావాలి. మీ పాత అట్ట కోసిన అంచు చూడండి, లోపలి భాగం గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ఆ అంచు ఆనిన చోట బొమ్మ మీద కూడా చుట్టూ ఒక గోధుమ గీత పడి ఉంటుంది. ఆమ్లం చేసే పని అది. కొత్తదీ అలాంటిదే పెడితే గీత ముదురుతుంది.

బొమ్మను అట్టకు అంటించేయనివ్వవద్దు. సెల్లోటేపు, ఫెవికాల్, రెండువైపులా అంటుకునే టేపు ఏదీ వద్దు. పై అంచున రెండు చోట్ల పలచని జపాన్ కాగితం ముక్కలతో, గోధుమ గంజితో వేలాడదీస్తే చాలు. కింది అంచు వదిలేయాలి. చెమ్మకు కాగితం సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. దానికి కదిలే చోటు ఉండాలి. ఒక ఊళ్లో ఒక దుకాణం ఇలాంటి పాత బొమ్మనే వేడి మీద లామినేషన్ చేసి ఇచ్చింది. దాన్ని ఇక ఎవరూ బాగుచేయలేరు. మీ దుకాణదారు లామినేషన్ మాట ఎత్తితే బొమ్మ వెనక్కి తెచ్చేసుకోండి.

గోధుమ మచ్చలను తడిబట్టతో తుడవడం, బ్లీచింగ్ పెట్టడం అసలు వద్దు. మెత్తని కుంచెతో దుమ్ము దులపడం వరకే ఇంట్లో చేసే పని.

వెలిసిన రంగు తిరిగి రాదు. ఉన్నది నిలవాలంటే వెలుతురు తగ్గించాలి. మ్యూజియాల్లో కాగితం మీది బొమ్మలకు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వరు. ఇంట్లో అంత పట్టింపు కుదరదు. కాని ఎండ నేరుగా పడే గోడ, ట్యూబులైటుకు ఆనుకున్న గోడ వద్దు. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం దొరికితే మంచిది, ఖరీదు ఎక్కువ. వానజల్లు కొట్టే బయటిగోడకు కాకుండా లోపలి గోడకు తగిలించండి. పటం కింది మూలల వెనక చిన్న కార్కు ముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. వంటింటి పొగ, దీపారాధన పొగ తగలని చోటు చూసుకోండి.

ధర్మాబాద్ లక్ష్మి

రాజురా గారూ, మా మనవడి భూతద్దంతో చూశాను. మీరు చెప్పినట్టే చుక్కలు గుండ్రంగా వరుసగా ఉన్నాయి, నాలుగు రంగులూ విడివిడిగా కనిపిస్తున్నాయి. తలపాగా ఆయన చేతి దగ్గర ఇంకా స్పష్టంగా ఉన్నాయి. అంటే ఆఫ్‌సెట్ అచ్చే. విప్పినప్పుడు చూస్తే కింది అంచును ఎవరో కత్తిరించేశారు. చిత్రకారుడి సంతకంగాని, అచ్చువేసినవాళ్ల పేరుగాని లేదు. అట్ట అంచు గోధుమరంగే. బొమ్మ చుట్టూ ఆ గీత కూడా ఉంది.

సిరొంచ శేఖర్

ఆఫ్‌సెట్ అచ్చు అయితే పాతసామాను వ్యాపారులు పెద్దగా ఏమీ ఇవ్వరు లక్ష్మి గారూ. ఇంత ఖర్చు పెట్టి టేకు, ఆమ్లం లేని అట్ట, ప్రత్యేకమైన అద్దం అవసరమా? మీకు నష్టం జరగకూడదని చెబుతున్నాను.

ధర్మాబాద్ లక్ష్మి

శేఖర్ గారూ, మీ మేలుకోరే మాటకు కృతజ్ఞతలు. అమ్మే ఆలోచన నాకు లేదు. మామగారు తన జీతంలోంచి డబ్బు తీసి, ఇంతపెద్ద అద్దం పటం బదిలీల బండ్ల మీద పగలకుండా బిలోలి దాకా తెచ్చుకున్నారు. ఆయన ఎంచుకుని తెచ్చుకున్న వస్తువు ఇంట్లో ఇంకొకటి లేదు. ఖరీదైన అద్దం మాత్రం మానేస్తాను. వెలుతురు తక్కువ ఉన్న గోడ చూసుకుంటాను.

నాందేడ్ డ్రాయింగు మాస్టారు

లక్ష్మి గారూ, నా పాత ఫోటోల్లో ఒకటి దొరికింది, జత చేస్తున్నాను. కంచె దగ్గరి నుంచి కుడివైపు కమానును తీసినది. మీ బొమ్మ పక్కన పెట్టి కిటికీ జాలీ గడులు పోల్చండి. కమాను లోపలి అంచున గచ్చుతో చేసిన లతకు కింద కొనలో ఒక మొగ్గ ఉంటుంది. మీ బొమ్మలోనూ అదే చోట అదే మొగ్గ ఉంది. రంగు వెలిసినా గీత నిలిచింది.

చిత్రకారుడి పేరు దొరకనందుకు విచారంగా ఉంది. ఆయన అక్కడ చాలాసేపు కూర్చుని వేశాడని మాత్రం చెప్పగలను. జాలీ నీడ నేల మీద ఒకవైపు సాగి ఉంది, ఎండ ఏటవాలుగా పడే వేళకే ఆ నీడ అంత సాగుతుంది. బొమ్మ మొత్తంలో వెలుతురు ఆ ఒక్క దిక్కు నుంచే వచ్చింది. ఎక్కడా తప్పలేదు. ఫోటో చూసి వేసినవాళ్లకు సాధారణంగా ఈ పట్టు దొరకదు.

సోలాపూర్ మగ్గం

మొగ్గ చూశాను మాస్టారూ. ఇక సందేహం లేదు.

కిన్వట్ పద్మ

లక్ష్మీ, అత్తగారు ఏమన్నారు?

ధర్మాబాద్ లక్ష్మి

పద్మక్కా, ఆవిడకు మాస్టారు పెట్టిన ఫోటో ఫోనులో చూపించి, బాలింతగా పోయిన తల్లి సమాధి అని చెప్పాను. కాసేపు చూసి, పడకగదిలో వద్దు, మామగారి పుస్తకాల గదిలో పెట్టమన్నారు. ఆ గదికి ఉత్తరం వైపు కిటికీ ఒక్కటే. ఎండ రాదు, పటం తగిలించేది లోపలి గోడకే. రాజురా గారు చెప్పిన వాటికీ సరిపోతుంది.

కరీం గారూ, మీ మాటలు కూడా ఆవిడకు చదివి వినిపించాను. దుఆ సంగతి విన్నాక ఇంకేమీ అడగలేదు.

దెగ్లూరు కరీం

ఆవిడకు నా సలాం చెప్పండి అమ్మా. ఆ చిరిగిన చీటీని పారేయకండి. పలచని కవరులో పెట్టి పటం వెనక ఉంచితే రేపు ఎవరైనా వెతుక్కున్నా ఊరి పేరైనా దొరుకుతుంది.

రాజురా కాగితం

కవరు ప్లాస్టిక్‌ది అయితే పాలియెస్టర్ రకం తీసుకోండి, మామూలు పి.వి.సి. కవరు కాలం గడిచాక కాగితానికి అంటుకుంటుంది. బీబీ కా మఖ్‌బరా లోపలి దృశ్యం అని, మీ మామగారి పేరు, పటం మళ్లీ కట్టించిన సంవత్సరం పెన్సిలుతో రాసిన చిన్న కాగితం కూడా లోపల ఉంచండి. పెన్నుతో వద్దు, సిరా పాకుతుంది.

బల్లార్షా టేకు

లక్ష్మి గారూ, దుకాణానికి వెళ్లేముందు ఒక లెక్క వేసుకోండి. చట్రం గాడిలో అద్దం, మౌంటు అట్ట, బొమ్మ, వెనక అట్ట, దాని వెనక హార్డ్‌బోర్డు వరసగా కూర్చోవాలి. మామూలు దేవుడి పటం చట్రానికి గాడి అంత లోతు ఉండదు. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి మందం కొలిచి, దానికి ఇంకో రెండు మిల్లీమీటర్లు కలిపి ఆ లోతు గాడి కావాలని ముందే చెప్పండి. మౌంటు పట్టీ కింది వైపు పైదానికన్నా అర అంగుళం వెడల్పు ఎక్కువ ఉంచమనండి, లేకపోతే తగిలించాక బొమ్మ కిందికి జారినట్టు కనిపిస్తుంది. ధర్మాబాద్‌లో చేవ టేకు దొరక్కపోతే బొమ్మ పొడవు, వెడల్పు ఇక్కడ రాయండి. పట్టీలు కోసి రైల్లో పంపిస్తాను.